తమ్ముడు రాసిచ్చిన స్క్రిప్టు నా ఫైళ్లను ఎక్కడెక్కడికో పంపేస్తోంది, ఏం చేయను?

ఇంటి నుంచే అనువాదాలు, ప్రూఫ్‌రీడింగ్ చేసుకునే ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమెకు నలుగురైదుగురు ప్రచురణకర్తల దగ్గర్నుంచి పని వస్తుంది. కొన్ని ఫైళ్లు మెయిల్లో, కొన్ని డ్రైవ్ లింకుల్లో, కొన్ని వాట్సాప్‌లో వస్తాయి. అన్నీ వచ్చి పడేది మాత్రం మ్యాక్ ల్యాప్‌టాప్‌లోని డౌన్‌లోడ్స్ ఫోల్డర్లోనే. అది నిండిపోయి ఏది ఎక్కడుందో తెలియని స్థితి వచ్చేసరికి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముడు సెలవు రోజున కూర్చుని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, రాసిచ్చాడు. ఫైలు దిగగానే ఎక్స్‌టెన్షన్ (పేరు చివర రకాన్ని చెప్పే తోక) చూసి పీడీఎఫ్‌లను ఒక ఫోల్డర్లోకి, వర్డ్ ఫైళ్లను ఇంకోదాంట్లోకి, బొమ్మలను మరోదాంట్లోకి చేరుస్తుంది. ఏ కోవకూ రానివాటిని ‘ఇతరాలు’లో వేస్తుంది.

‘మొదట్లో ప్రాణం లేచొచ్చింది’ అని రాశారామె. తర్వాతే చిక్కులు. ఒకే వారంలో ఇద్దరు ప్రచురణకర్తలు ‘ఫైనల్’ అనే పేరుతోనే వర్డ్ ఫైళ్లు పంపారు. రెండోది దిగాక మొదటిది మాయమైంది. అందులో రెండు అధ్యాయాలకు సవరణలు చేసి ఉంచారు. ఇంకోసారి ఒక పుస్తకం ఇన్‌డిజైన్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ప్యాకేజీ జిప్‌గా వచ్చింది. విప్పిన కాసేపటికి అందులోని బొమ్మలన్నీ బొమ్మల ఫోల్డర్లోకి వెళ్లిపోయి, పేజీల్లో ఖాళీ పెట్టెలు మిగిలాయి. ‘ఇతరాలు’లోనేమో క్రోమ్ తాలూకు సగం సగం ఫైళ్లు పోగవుతున్నాయి. పీడీఎఫ్‌ల ఫోల్డర్ చూస్తే కరెంటు బిల్లులు, పుస్తకం ప్రూఫులు, ప్రింటర్ మాన్యువల్ అన్నీ కలిసి ఉన్నాయి. ‘ఒకప్పుడు ఒక్క గుట్టలో వెతికేదాన్ని, ఇప్పుడు నాలుగు గుట్టల్లో వెతుకుతున్నాను’ అన్నారు.

తమ్ముడికి ఈ సంగతి చెప్పలేదు. ‘అక్కా, బాగా పనిచేస్తోందా’ అని అడిగినప్పుడల్లా బాగుందనే అంటున్నారు. వాడు ప్రేమగా చేసిచ్చాడు, లోపం తన దగ్గరే ఉందేమో, పద్ధతి లేని మనిషికి ఏ యంత్రం మాత్రం ఏం చేస్తుంది అన్నది ఆవిడ బాధ. స్క్రిప్టు తీసేయాలా, సరిచేయించాలా, అసలు డౌన్‌లోడ్స్‌లో పేరుకున్న పాత ఫైళ్లను ఏం చేయాలి అని అడిగారు.

*

ముందు ఆ పోయిన ఫైలు గురించి. మిగతావి ఆగుతాయి, ఇది ఆగదు.

చెత్తబుట్టలో వెతక్కండి, అక్కడ ఉండదు. అదే పేరుతో వచ్చిన కొత్త ఫైలు పాతదాని చోటులోకి నేరుగా వచ్చి కూర్చున్నప్పుడు, పాతది చెత్తబుట్ట దాకా వెళ్లదు. మీ మ్యాక్‌కు టైమ్ మెషీన్ (మ్యాక్‌తోనే వచ్చే బ్యాకప్ ప్రోగ్రాము) పెట్టుకుని ఉంటే మాత్రం ఆశ ఉంది. అది గడిచిన 24 గంటలవి గంటకొకటి, గడిచిన నెలవి రోజుకొకటి, అంతకు ముందువి వారానికొకటి చొప్పున ప్రతులు దాస్తుంది. డిస్కు నిండితే అన్నిటికన్నా పాతవాటిని తీసేస్తుంది. వర్డ్ ఫైళ్లు చేరే ఫోల్డర్ తెరిచి, అక్కడి నుంచి టైమ్ మెషీన్‌లోకి వెళ్లి, రెండో ‘ఫైనల్’ రావడానికి ముందు రోజుకు జరగండి. బ్యాకప్ లేదంటే ప్రచురణకర్త పంపిన మూలం మెయిల్లో దొరుకుతుంది కానీ, మీ సవరణలు దొరకవు. మధ్యలో ఎవరికైనా ఒక ప్రతి పంపారేమో పంపినవాటిలో చూడండి. ఇదంతా తేలేదాకా స్క్రిప్టును ఆపి ఉంచండి. తీసేయక్కర్లేదు, నడవకుండా ఉంటే చాలు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మీరు పద్ధతి లేని మనిషి కాదు. మీ ఉత్తరంలో ఏ ఫైలు ఎవరిదో, ఎందుకొచ్చిందో, ఎంతవరకు చూశారో ఒక్కచోట కూడా తడబడలేదు. అంత స్పష్టంగా మీ తలలో ఉన్న క్రమం ఫోల్డర్లలోకి ఎక్కలేదు, అంతే. ఎందుకు ఎక్కలేదో చూడాలంటే మీ చిక్కులను రెండుగా విడదీయాలి. కొన్ని స్క్రిప్టులోని పొరపాట్లు. వాటిని మీ తమ్ముడు ఒక పూటలో సరిచేయగలడు. ఒకటి మాత్రం పొరపాటు కాదు. స్క్రిప్టు అచ్చం చెప్పినట్టే చేస్తున్నా మీకు అది కలుగుతూనే ఉంటుంది.

పొరపాట్లతో మొదలుపెడతాను. పైథాన్‌లో ఫైలును జరిపేటప్పుడు గమ్యంగా ఉత్త ఫోల్డర్ పేరే ఇస్తే, అక్కడ అదే పేరుతో ఇంకో ఫైలుంటే పని ఆగిపోయి తప్పు చూపిస్తుంది. ఫోల్డర్‌తో పాటు ఫైలు పేరును కూడా కలిపి పూర్తి దారి ఇస్తే మాత్రం మ్యాక్‌లో ఏమీ అడగకుండా పాతదాన్ని తుడిచేసి కొత్తదాన్ని పెడుతుంది. రాసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, పరీక్షించేటప్పుడు కూడా తేడా తెలియదు, ఎందుకంటే పరీక్షకు ఒకే పేరున్న రెండు ఫైళ్లు ఎవరూ పెట్టరు. మీకు జరిగింది దాదాపు ఇదే అయివుండాలి. జరిపే ముందు అక్కడ ఆ పేరు ఉందేమో చూసి, ఉంటే కొత్తదానికి తేదీయో సంఖ్యో తగిలించమనడమే దీనికి విరుగుడు.

‘ఇతరాలు’లో చేరుతున్న సగం ఫైళ్లది ఇంకో కథ. క్రోమ్ ఏదైనా దించుకుంటున్నంతసేపూ ఆ ఫైలు చివర ‘సీఆర్‌డౌన్‌లోడ్’ అనే తాత్కాలికమైన తోక పెట్టి, పూర్తయ్యాకే అసలు పేరు ఇస్తుంది. మీ స్క్రిప్టు ఆ తోకను చూసి, ఇదేదో తెలియని రకం అనుకుని, డౌన్‌లోడ్ నడుస్తుండగానే ‘ఇతరాలు’లోకి లాగేస్తోంది. క్రోమ్ వెనక్కి వచ్చి చూసుకుంటే ఫైలు ఉండదు. ఫైర్‌ఫాక్స్‌లో ఆ తోక ‘పార్ట్’, సఫారీలో ‘డౌన్‌లోడ్’. తోకలను వదిలేయమని చెప్పినా సరిపోదు. ఫైర్‌ఫాక్స్ అసలు పేరుతోనే ఒక సున్నా బైట్ల ఫైలును ముందే పెట్టి చోటు ఉంచుకుంటుంది. అందుకని ఫైలు పరిమాణం కొన్ని నిమిషాల పాటు మారకుండా ఉంటేనే ముట్టుకోమనాలి. అయినా మీకు తొందరేముంది? దిగిన మరుక్షణం సర్దాల్సిన అవసరం ఎవరికీ లేదు. రోజుకొకసారి, రాత్రిపూట, ఒక రోజు దాటిన ఫైళ్లను మాత్రమే చూడమంటే సగం చిక్కులు వాటంతటవే పోతాయి.

ఇన్‌డిజైన్ ప్యాకేజీ చెదిరిపోయింది కూడా ఇలాంటిదే. అందులో పేజీల ఫైలు, దాని పక్కనే బొమ్మలున్న ‘లింక్స్’ ఫోల్డర్, ఫాంట్ల ఫోల్డర్ కలిసి ఉంటాయి. పేజీల ఫైలు బొమ్మలను తనలో దాచుకోదు, ఫలానా చోట ఉన్నాయని గుర్తు మాత్రమే పెట్టుకుంటుంది. స్క్రిప్టు లోపలి ఫోల్డర్లలోకి కూడా దూరి బొమ్మలను ఏరుకుపోయింది. డౌన్‌లోడ్స్ పైవరుసలో విడిగా పడివున్న ఫైళ్లనే చూడాలి, ఫోల్డర్ కనిపిస్తే దాన్ని కదపకూడదు, లోపలికి వెళ్లకూడదు. ఈ ఒక్క నియమం లేకపోతే పుస్తకాల పనిచేసేవాళ్లకు ఇలాంటి స్క్రిప్టు ప్రమాదమనే చెబుతాను.

ఇక పొరపాటు కానిది. మీ తమ్ముడు ఫైళ్లను రకాన్ని బట్టి విడదీశాడు. మీరేమో పనిని బట్టి వెతుకుతారు. ‘ఆ కథల సంపుటి రెండో ప్రూఫు ఏది’ అనుకుంటారే తప్ప ‘నా పీడీఎఫ్ ఏది’ అని ఎప్పుడూ అనుకోరు. ఉత్తరాలను చిరునామా చూడకుండా కవరు రంగును బట్టి పంచినట్టుంది ఈ ఏర్పాటు. ఒకే పుస్తకం తాలూకు వర్డ్ ఫైలు, ప్రూఫు పీడీఎఫ్, ముఖచిత్రం మూడు ఫోల్డర్లలోకి చెదిరిపోతాయి, ఏ సంబంధమూ లేని బిల్లూ ప్రూఫూ ఒకచోట చేరతాయి. స్క్రిప్టును ఎంత బాగుచేసినా ఇది మారదు. రకం అన్నది యంత్రానికి తేలిగ్గా కనబడుతుంది కాబట్టి దాంతో మొదలుపెట్టడం సహజం. అందరూ అలాగే మొదలుపెడతారు.

మరి ఏ ఫైలు ఏ పనిదో యంత్రానికి తెలియదా? కొంత తెలుస్తుంది. డౌన్‌లోడ్స్‌లోని ఏదైనా ఫైలును ఎంచుకుని ‘గెట్ ఇన్ఫో’ తెరవండి. చాలావాటికి ‘వేర్ ఫ్రమ్’ అనే వరుస కనిపిస్తుంది. ఆ ఫైలు ఏ చిరునామా నుంచి దిగిందో మ్యాక్ దానితోపాటే దాచి ఉంచుతుంది. విండోస్ వాడే పాఠకులకు కూడా ఇలాంటి ముద్ర ఉంటుంది, కాకపోతే తేలిగ్గా కనిపించని చోట. ఒక ప్రచురణకర్త తన సొంత సైట్ నుంచే ఫైళ్లు ఇస్తుంటే ఆ చిరునామాను పట్టుకుని వాటిని తిన్నగా ఆ ప్రచురణకర్త ఫోల్డర్లోకి పంపొచ్చు, తప్పు జరగదు. యాపిల్ మెయిల్ యాప్ నుంచి సేవ్ చేసిన అటాచ్‌మెంట్లకైతే పంపినవారి పేరు, సబ్జెక్టు కూడా అక్కడ కనిపిస్తాయి. బ్రౌజర్లో తెరిచే మెయిల్ నుంచి దించినవాటికి మాత్రం మెయిల్ సంస్థ చిరునామాయే ఉంటుంది, అందరి ఫైళ్లదీ ఒకటే. వాట్సాప్‌లో వచ్చినవాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

ఫైలు లోపలి మాటలను చదివి సర్దే పరికరాలు కూడా ఉన్నాయి. మీ తమ్ముడు ఉత్సాహంగా అటు వెళ్లొచ్చు, ముందే ఆపండి. మీకొచ్చే తెలుగు ప్రూఫుల్లో చాలావరకు అను ఫాంట్లలో కూర్చినవే అయివుంటాయి. తెర మీద మనకు చక్కటి తెలుగు కనిపిస్తుంది, లోపల ఉండేవి మాత్రం అర్థంపర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. పుస్తకం పేరు యూనికోడ్ తెలుగులో ఇచ్చి వెతికితే యంత్రానికి ఒక్కటీ తగలదు. స్కాన్ చేసిన పేజీల్లోనైతే అక్షరాలే ఉండవు, అవి వట్టి బొమ్మలు.

ఇదంతా చూశాక మీ ముందు కొన్ని దారులున్నాయి.

స్క్రిప్టును పూర్తిగా పక్కనపెట్టి, ప్రతి ఫైలునూ ఎక్కడ దాచాలో అడగమని బ్రౌజర్‌కు చెప్పడం ఒకటి. క్రోమ్, సఫారీ రెండిట్లోనూ డౌన్‌లోడ్ సెట్టింగుల్లో ఈ అవకాశం ఉంది. ఫైలు వచ్చిన క్షణంలోనే అది దేనిదో మీకు అందరికన్నా బాగా తెలుసు. అప్పుడే పేరు కూడా మార్చేయొచ్చు, ‘ఫైనల్’ అన్న పేరు మీ ల్యాప్‌టాప్‌లోకి అడుగే పెట్టదు. దీనికి చెల్లించేది మీ ఓపిక. ఫైలుకొకసారి ఆగాలి. హడావిడిలో ఉన్నరోజు అలవాటుగా ‘సేవ్’ నొక్కేస్తే, అంతకుముందు ఏ ఫోల్డర్ తెరిచి ఉందో అందులో పడుతుంది, అంటే ఒక ప్రచురణకర్త ఫైలు ఇంకొకరి ఫోల్డర్లో. అది డౌన్‌లోడ్స్‌లో పడివుండటం కన్నా పెద్ద ఇబ్బంది. రోజుకు నాలుగైదు ఫైళ్లు వచ్చేవాళ్లకు ఈ దారి హాయి. ఇరవై వచ్చేవాళ్లు వారంలో విసిగిపోతారు.

ఇంకొకటి, ఏదీ కదపకుండా వెతుకులాట మీద ఆధారపడటం. మ్యాక్‌లో ఫైళ్లు చూసుకునే ఫైండర్‌లో డౌన్‌లోడ్స్‌ను చేర్చిన తేదీ ప్రకారం గుంపులు చేసి చూసుకోవచ్చు, ఒక ప్రచురణకర్త తాలూకువన్నీ కనిపించేలా స్మార్ట్ ఫోల్డర్ పెట్టుకోవచ్చు. స్మార్ట్ ఫోల్డర్లో ఫైళ్లు నిజంగా ఉండవు, అది దాచిపెట్టిన వెతుకులాట మాత్రమే. అందుకని పొరపాటున నియమం తప్పుగా రాసినా ఏ ఫైలూ పోదు. అన్నిటికన్నా భద్రమైన ఏర్పాటు ఇదే. కానీ పేర్లు సరిగ్గా లేకపోతే వెతుకులాటకు ఏమీ దొరకదు. మీకు వచ్చేవేమో ‘ఫైనల్’, ‘ప్రూఫ్’, ‘కరెక్షన్స్’. అంటే వచ్చిన ఫైలుకు పేరు మార్చే అలవాటైనా ఉండాలి. ఎలాగూ ఎక్కడో ఒకచోట మీ చెయ్యి పడక తప్పదు.

మూడోది స్క్రిప్టును ఉంచి, దాని పని తగ్గించడం. నన్నడిగితే మీకు ఇది నప్పుతుంది, కారణం మీకు వచ్చే ఫైళ్లలో రెండు జాతులున్నాయి. బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇన్‌స్టాలర్లు, టికెట్లు ఎప్పుడూ అవే చోట్ల నుంచి, ఒకేరకం పేర్లతో వస్తాయి. వీటి విషయంలో యంత్రం పొరబడే అవకాశం తక్కువ, పొరబడినా నష్టం తక్కువ. వీటిని దానికి వదిలేయండి. పుస్తకాల ఫైళ్లను మాత్రం అది ఊహించి సర్దకూడదు. ‘చూడాల్సినవి’ అనే ఒక్క ఫోల్డర్లో పెట్టి ఊరుకోవాలి. పని మొదలుపెట్టే ముందు మీరు ఆ ఫోల్డర్ తెరిచి, ప్రతిదానికీ పుస్తకం పేరు, తేదీ కలిపి పేరు పెట్టి, ఆ పుస్తకం ఫోల్డర్లోకి పంపండి. తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాస్తే, ‘2025-03-14’ లాగా, అక్షరక్రమంలో పేర్చినా కాలక్రమమే వస్తుంది. ఫోల్డర్లు కూడా ప్రచురణకర్త, అందులో పుస్తకం, అంతే. మూడో మెట్టు వద్దు. వర్డ్, పీడీఎఫ్, బొమ్మలు ఒకే పుస్తకం కింద కలిసే ఉండనివ్వండి. రకాన్ని బట్టి చూడాలనిపిస్తే ఫైండర్ ఒక్క నొక్కుతో పేర్చి చూపిస్తుంది.

ఈ దారిలోనూ బాధ్యత ఉంది. ‘చూడాల్సినవి’ని వారం పాటు చూడకపోతే అది ఇంకో డౌన్‌లోడ్స్ అవుతుంది. స్క్రిప్టును కనిపెట్టుకుని ఉండే మనిషి కూడా కావాలి. ఒక సైట్ చిరునామా మారితే నియమం పనిచేయడం మానేస్తుంది, ఆ సంగతి ఎవరూ చెప్పరు. కోడ్ మీద ఆధారపడటం మీకు ఇష్టం లేకపోతే హేజెల్ అనే మ్యాక్ యాప్ ఇలాంటి నియమాలను మాటలు ఎంచుకుంటూ రాసుకోనిస్తుంది. అది కొనుక్కోవాల్సింది. అప్పుడు నియమాలు మీ చేతిలో ఉంటాయి, తమ్ముణ్ని పిలవనక్కర్లేదు. అయితే తప్పు నియమం అందులో రాసినా తప్పే.

ఏ దారి పట్టినా ఒకటి గమనించండి. మీ డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఐక్లౌడ్‌తో, అంటే యాపిల్ వారి ఆన్‌లైన్ నిల్వతో, కలిసి ఉందా? ఉంటే డౌన్‌లోడ్స్ నుంచి అక్కడికి జరిగిన ప్రతి ఫైలూ యాపిల్ సర్వర్లకు ఎక్కుతుంది. ఉచితంగా వచ్చే చోటు 5 జీబీ మాత్రమే, పుస్తకాల ప్యాకేజీలతో అది ఇట్టే నిండుతుంది. అచ్చుకాని రాతప్రతులను బయట దాచకూడదని మీ ప్రచురణకర్తల్లో ఎవరైనా షరతు పెట్టి ఉంటే, మీకు తెలియకుండానే మాట తప్పినట్టవుతుంది. పుస్తకాల ఫోల్డర్‌ను ఐక్లౌడ్‌తో కలిసిన ఫోల్డర్లకు వెలుపల పెట్టుకుని, టైమ్ మెషీన్‌కు ఒక బయటి డిస్కు ఇవ్వండి. బ్యాకప్ లేని చోట ఫైళ్లను తనంతట తాను కదిపే ఏ ప్రోగ్రామునూ నేను నడపనివ్వను, ఎంత బాగా రాసినా సరే.

పాత ఫైళ్లను సర్దకండి. అవన్నీ ఇప్పటిదాకా సర్దకపోయినా మీ పని జరిగింది కదా. డౌన్‌లోడ్స్‌లో ఉన్న మొత్తాన్ని, ఆ నాలుగు రకాల ఫోల్డర్లతో సహా, ‘పాతవి’ అనే ఒక్క ఫోల్డర్లోకి జరిపి, పైన ఆ రోజు తేదీ వేయండి. నడుస్తున్న పుస్తకాల ఫైళ్లను మాత్రం బయటికి తీసుకోండి. మిగతావి ఏదైనా కావాల్సి వచ్చినప్పుడు వెతికి, దొరికినదాన్ని దాని పుస్తకం ఫోల్డర్లో పెట్టండి. తేదీని బట్టి పాతవి తుడిచేసే నియమం మాత్రం పెట్టొద్దు. జిప్ విప్పితే వచ్చే ఫైళ్లకు తరచుగా అవి తయారైన నాటి తేదీలే ఉంటాయి. ఈరోజు దిగిన రాతప్రతి కూడా రెండేళ్ల పాతదానిలా కనిపించి కొట్టుకుపోవచ్చు.

ఇక తమ్ముడు. బాగుందని చెబుతూ పోతే అతను రాసింది బాగానే ఉందనుకుని ఇంకెవరికైనా కూడా ఇస్తాడు, వాళ్ల ఫైలు పోతుంది. చెప్పకపోవడం వల్ల అతనికి మేలు లేదు. ‘నీ స్క్రిప్టు బాగాలేదు’ అనక్కర్లేదు, జరిగింది జరిగినట్టు చెప్పండి. ‘ఒకే పేరుతో రెండు ఫైళ్లు వస్తే మొదటిది పోతోంది, ఫోల్డర్ల లోపలికి వెళ్తోంది, దిగుతున్న ఫైలును మధ్యలో లాగుతోంది.’ కోడ్ రాసేవాళ్లకు ఇలా విడివిడిగా, ఆధారంతో వచ్చే ఫిర్యాదు అంటే కోపం రాదు, చేతులు వెంటనే కీబోర్డు మీదికి వెళ్తాయి. తర్వాత రెండు కోరండి. ఏ ఫైలును ఎక్కడి నుంచి ఎక్కడికి జరిపిందో ప్రతిసారీ ఒక పట్టీలో రాయాలి, అప్పుడు ఏదైనా కనబడకపోతే మీరే ఆ పట్టీ తెరిచి చూసుకుంటారు. రెండోది, మార్చిన స్క్రిప్టు మొదటి వారం దేన్నీ కదపకుండా ‘ఇది ఇక్కడికి పంపేదాన్ని’ అని రాసి మాత్రమే చూపాలి. ఆ జాబితాను ఇద్దరూ కలిసి చదవండి. ఏ ఫైలు ఎటు వెళ్లాలో మీరు చెబుతుంటే అతను రాసుకుంటాడు. మొదటిసారి స్క్రిప్టు రాసేటప్పుడు మీ ఇద్దరి మధ్య జరగని మాట అదొక్కటే.